సంతకం కంటే ముందు: వైకల్యమున్న పెద్దవాళ్లకు వైద్యం చేయించడం, వాళ్ల సమ్మతి తీసుకోవడం

శుక్లం ఆపరేషన్‌కి సమ్మతి పత్రం తెచ్చిన నర్సు పెన్ను నా చేతిలో పెట్టింది. కన్ను మా పెద్దమ్మది. ఆవిడ నా పక్కనే వీల్‌చెయిర్‌లో కూర్చుని ఉంది. పక్షవాతంతో కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. ఏమడిగినా "అదే... అదే" అంటుంది. నర్సు తప్పేమీ లేదు, ఆమె రోజూ చేసే పద్ధతే అది. నేనూ సంతకం పెట్టేసేదాన్నే. అంతలో పెద్దమ్మ ఎడమచేత్తో శాలువా లాక్కుని మొహం మీద కప్పుకుంది, తల అడ్డంగా ఊపింది. "భయపడుతోంది పాపం" అనుకున్నాం అందరం. ఆవిడ చెప్పేది అది కాదని తెలియడానికి మాకు మర్నాటిదాకా పట్టింది. ఆ సంగతి దాని చోట చెబుతాను.

నడవలేని, వినపడని, చూపు ఆనని, మాట రాని, మతిమరుపున్న పెద్దవాళ్లను ఆస్పత్రికి తీసుకెళ్లే బాధ్యత మీ మీద పడితే ఏం చెయ్యాలో వరసగా రాస్తున్నాను. సమ్మతి అంటే కాగితం మీద గీత కాదన్నది గుర్తుంటే మిగతావన్నీ దాని వెంటే వస్తాయి. మనిషికి విషయం తెలియాలి, అర్థం కావాలి, ఎవరి బలవంతమూ లేకుండా "సరే" అనో "వద్దు" అనో అనాలి. ఇది జరిగాకే సంతకం.

మొదటి అడుగు: ఇంట్లోనే ఒక కాగితం రాయండి

ఒకే పేజీ, పెద్ద అక్షరాలు. వీటికి చోటు ఉండాలి:

- పేరు, వయసు, ఉన్న జబ్బులు, అయిన ఆపరేషన్లు
- పడని మందులు, పడకపోతే ఏమవుతుందో
- రక్తం పలచబడే మందు వాడుతుంటే అది విడిగా, పైనే
- ఏ చెవి వినిపిస్తుంది, ఏ కన్ను కనిపిస్తుంది, ఏ చెయ్యి పనిచేస్తుంది
- అవును, కాదు ఎలా చెబుతారు
- మామూలు రోజున ఎలా ఉంటారు

అన్నిటికన్నా విలువైనది ఆ చివరిదే. డాక్టరు ఆ మనిషిని చూడటం అదే మొదటిసారి కావచ్చు. మంచం మీద మగతగా పడి ఉన్న 80 ఏళ్ల మనిషిని చూస్తే, పైగా కాలో చెయ్యో పడిపోయి ఉంటే, "ఈ వయసులో ఇవి మామూలే" అనుకోవడం చాలా సులభం. కొత్తగా వచ్చిన లక్షణాన్ని పాత వైకల్యం ఖాతాలో వేసేస్తారు. దీనికి వైద్యంలో పేరు కూడా ఉంది, డయాగ్నస్టిక్ ఓవర్‌షాడోయింగ్ అంటారు. దానికి విరుగుడు మీ నోట్లో ఉండే ఒక్క వాక్యం: "మొన్న ఆదివారం వరకు తనే చెంచా పట్టుకుని తినేది, మనవల పేర్లు చెప్పేది. సోమవారం నుంచి ఇలా ఉంది." రోజు, పని, తేడా మూడూ అందులో ఉండాలి. "బాగా నీరసంగా ఉందండీ" అంటే ఎవరూ కదలరు.

మందులు చీటీ మీద రాసుకెళ్లడం కన్నా అన్నీ ఒక సంచిలో వేసుకెళ్లడం మేలు. దుకాణంలో అడిగి కొన్నవి, నిద్రమాత్రలు, చుక్కలు, లేహ్యాలు కూడా. జలుబుకీ దురదకీ వాడే క్లోర్‌ఫెనిరమైన్, డైఫెన్‌హైడ్రమైన్ లాంటి పాతకాలపు మందులు పెద్దవాళ్లలో మగతనీ అయోమయాన్నీ తెచ్చిపెడతాయి. "మతి పోతోంది" అని తీసుకొచ్చిన మనిషికి ఆ చిన్న మాత్రే కారణం కావచ్చు. దాన్ని చీటీలో ఎవరూ రాయరు.

రెండో అడుగు: వెళ్లేముందు ఫోన్

"వీల్‌చెయిర్ వస్తుందా అండీ?" అని అడిగితే ఎక్కడైనా వచ్చే జవాబు "వస్తుంది" అనే. గుమ్మం దాకా రావడం సంగతి కాదు. విప్పి అడగండి: లిఫ్టు పనిచేస్తోందా? పరీక్ష చేసే బల్ల ఎంత ఎత్తు, దాని మీదకు ఎవరు ఎక్కిస్తారు? మరుగుదొడ్డి తలుపులో చక్రాల కుర్చీ పడుతుందా? ఎక్స్‌రే కూర్చోబెట్టి తీయగలరా? బరువు ఎలా చూస్తారు? మందు మోతాదు, మత్తు మోతాదు చాలాసార్లు బరువును బట్టే ఉంటాయి. నిలబడలేని మనిషి బరువు కళ్లతో అంచనా వేసి రాసేస్తుంటారు. ఎప్పుడో ఒకసారి తూచి ఉంటే ఆ అంకె, తూచిన తేదీ కాగితం మీద ఉంచండి.

మొదటి నంబరు అడగండి. సాయంత్రానికి మతి తడబడే వాళ్లయితే పొద్దున్నే తీసుకెళ్లడం తప్పనిసరి. సమ్మతి మాట వచ్చినప్పుడు ఈ చిన్న జాగ్రత్త పెద్ద తేడా చూపిస్తుంది.

ఇక ప్రయాణం. మరుగుదొడ్డి బాధ తప్పించుకోవడానికి చాలామంది పెద్దవాళ్లు ముందు రోజు నుంచే నీళ్లు మానేస్తారు. తీరా డాక్టరు ముందుకొచ్చేసరికి కళ్లు తిరుగుతుంటాయి, మాట తడబడుతుంది, లేని జబ్బు కనిపిస్తుంది. ఇంకో గుడ్డ తీసుకెళ్లండి, నీళ్లు మాత్రం తాగించండి. పడుకున్నవాళ్లను ఒక్కసారిగా నిలబెట్టొద్దు, కొద్ది నిమిషాలు కూర్చోబెట్టి లేపండి. తమంతట తాము కదలలేని వాళ్లను కుర్చీలో పావుగంటకో అరగంటకో ఒకసారి పక్కకు వంచి బరువు మార్చండి. ఒరుపు పుండ్లు మొదలు కావడానికి వెయిటింగ్ హాల్లో గడిపే మూడు గంటలు చాలు.

మూడో అడుగు: కుర్చీ ఎక్కడ వేసుకోవాలి

డాక్టరుకి ఎదురుగా మీరు కూర్చుంటే మాటలు మీతోనే నడుస్తాయి. "ఈవిడకు ఏమైంది?" అని మిమ్మల్నే అడుగుతారు. అందుకని పెద్దవాళ్ల కుర్చీని డాక్టరుకి ఎదురుగా తోసి, మీరు వాళ్ల పక్కనే అరడుగు వెనక్కి కూర్చోండి. ప్రశ్న మీకొచ్చినా తల వాళ్ల వైపు తిప్పండి: "పెద్దమ్మా, నొప్పి ఎప్పటి నుంచని అడుగుతున్నారు." తర్వాత ఊరుకోండి. మనసులో పది దాకా లెక్కపెట్టండి. పక్షవాతం వచ్చినవాళ్లకీ పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకీ జవాబు లోపల తయారై బయటికి రావడానికి టైం పడుతుంది. ఆ మౌనాన్ని భరించలేక మనమే చెప్పేస్తాం. నేను ఎన్నిసార్లు చెప్పేశానో లెక్కే లేదు.

వాళ్ల తరఫున చెప్పాల్సి వస్తే ముందు అడగండి, "నేను చెప్పనా?" అని. ఒకసారి గదిలోంచి బయటికి కూడా రండి. మూత్రం ఆగకపోవడం, పడిపోవడం, ఇంట్లో ఎవరైనా కసురుకోవడం, "నా వల్ల వీళ్లకు ఖర్చు" అనే దిగులు: ఇవి మన ముందు చెప్పరు.

నాలుగో అడుగు: మాట చేరేలా, మాట వచ్చేలా

ఎక్కువ సేపు పెట్టాల్సింది ఇక్కడే.

వినికిడి: వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేవి పైస్థాయి ధ్వనులు. స, శ, ఫ లాంటి హల్లులు జారిపోతాయి, అచ్చులు వినిపిస్తూనే ఉంటాయి. అందుకే "వినపడుతోంది గానీ అర్థం కావడం లేదు" అంటారు. అరిస్తే అచ్చులే ఇంకా గట్టిగా మోగుతాయి. ఎదురుగా, మొహం మీద వెలుతురు పడేలా కూర్చుని, అరవకుండా, కీచుగా కాక కాస్త దించిన స్థాయి గొంతుతో, చిన్న వాక్యాల్లో చెప్పాలి. మాస్కు పెదాలను కప్పేస్తుందని డాక్టరుకి గుర్తుచేయండి. బయలుదేరే ముందు వినికిడి యంత్రంలో బ్యాటరీ, చెవిలో గులిమి చూడండి. సైగల భాష వాడేవాళ్లయితే దుబాసీని ముందే ఏర్పాటు చేయమనండి. ఇంట్లోవాళ్లు దుబాసీ పని చేస్తే కటువైన మాటలను మెత్తబరుస్తారు, కొన్నిటిని మింగేస్తారు.

చూపు: ఫారం చదివి వినిపించాలి, మొత్తం. "అన్నీ మామూలువేలెండి" అని దాటేయకూడదు.

మాట: పక్షవాతం తర్వాత మాట పోయిన స్థితిని అఫేషియా అంటారు. మాట పోయినంత మాత్రాన అర్థం చేసుకోవడం పోయిందని కాదు. అయితే ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. కొందరికి "అవును", "కాదు" తారుమారవుతాయి, లేదా ప్రతిదానికీ "ఊఁ" అనే వస్తుంది. దాన్ని సమ్మతిగా రాసేసుకుంటారు. కాబట్టి ముందు పరీక్షించండి. మీకు జవాబు తెలిసిన ప్రశ్న అడగండి, కావాలని తప్పు పేరు పెట్టి: "నీ పేరు సుబ్బారావా?" తర్వాత అసలు ప్రశ్నను రెండు వైపుల నుంచీ అడగండి: "ఆపరేషన్ చేయించుకుంటావా?" కాసేపాగి, "ఆపరేషన్ వద్దా?" రెండిటికీ "ఊఁ" వస్తే ఆ "ఊఁ"ని నమ్మకూడదు. దారి మార్చండి: బొటనవేలు పైకి, కిందికి; బొమ్మలు; పెద్దగా రాసిన ఒక్కో మాట; కనురెప్పల సైగ.

మా పెద్దమ్మ విషయంలో మర్నాడు చేసింది అదే. పాత అట్టముక్కలు నాలుగు కోసి కన్ను, సూది, మంచం, మొహం మీద గుడ్డ గీశాను. నా బొమ్మలు చూసి ఆవిడకు నవ్వొచ్చింది. సూది బొమ్మను వేలితో పక్కకు నెట్టేసింది, దానికి భయం లేదు. కన్ను బొమ్మకు బొటనవేలు పైకెత్తింది. మంచం బొమ్మనూ గుడ్డ బొమ్మనూ మాత్రం ఒకదాని మీద ఒకటి పెట్టి, ఛాతీ మీద చెయ్యి వేసుకుని, నోరు తెరిచి ఎగశ్వాస తీసి చూపించింది. కొన్ని నెలలుగా ఆవిడ మూడు తలగడలు పెట్టుకుని పడుకుంటోంది. మేం దాన్ని అలవాటు అనుకున్నాం. "ఆపరేషన్‌లో వెల్లకిలా కదలకుండా పడుకోవాలి, మొహం మీద గుడ్డ కప్పుతాం" అని మొదటి రోజే డాక్టరు చెప్పారు. ఆ గదిలో ఆ మాట విన్నది ఆవిడ ఒక్కతే.

పడుకుంటే ఆయాసం రావడం గుండె సరిగా పనిచేయడం లేదనడానికి ఒక గుర్తు. కంటి ఆపరేషన్ వాయిదా పడింది. గుండె డాక్టరు మందులు మార్చారు. మూడు వారాలకు ఆయాసం తగ్గింది. ఆ తర్వాత కంటి డాక్టరు తల వైపు కాస్త ఎత్తు పెట్టి, గుడ్డ కింద ఆక్సిజన్ గొట్టం ఉంచుతామని చెప్పి, ఎలా ఉంటుందో ముందు రోజు చేసి చూపించారు. బొటనవేలు లేచింది. నేను మొదటి రోజే సంతకం పెట్టి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం మానేశాను.

ఐదో అడుగు: నిర్ణయం తీసుకునే శక్తి ఉందా?

దీన్ని తేల్చాల్సింది వైద్యం చేసే డాక్టరు. ఎలా తేలుస్తారో మీకు తెలిసి ఉంటే మంచిది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం నాలుగు విషయాలు చూడమంటుంది: చెప్పింది అర్థమైందా, నిర్ణయం తీసుకునేంతసేపు గుర్తుందా, మంచిచెడ్డలు బేరీజు వేయగలరా, ఏదో ఒక విధంగా తెలియజేయగలరా. చాలాచోట్ల డాక్టర్లు కాస్త అటూఇటూగా ఈ దారినే పోతారు. మొదట శక్తి ఉందనే అనుకోవాలని, అర్థమయ్యేలా చేయడానికి వీలైన సాయమంతా చేశాకే లేదనాలని కూడా ఆ చట్టంలో ఉంది. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం 12వ అధికరణం సారాంశం కూడా ఇదే: వైకల్యం ఉందని నిర్ణయాధికారం తీసేయకూడదు, నిర్ణయించుకోవడానికి కావలసిన ఆసరా ఇవ్వాలి.

ఈ శక్తి ఒక్కో నిర్ణయానికి ఒక్కోలా ఉంటుంది. బ్యాంకు లెక్కలు చూసుకోలేని మనిషి "ఈ కాలు తీయించుకోను" అని స్పష్టంగా నిర్ణయించుకోగలరు. జ్ఞాపకశక్తి పరీక్షలో మార్కులు తక్కువ వచ్చాయని మాత్రమే చెప్పి పక్కన పెట్టేస్తే, "ఈ నిర్ణయం గురించి అడిగి చూశారా?" అని మర్యాదగా అడగండి.

గంటల్లోనో రోజుల్లోనో హఠాత్తుగా మొదలై, కాసేపు బాగుండి కాసేపు అయోమయంగా ఉంటే అది డెలీరియం కావచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, మలబద్ధకం, ఒంట్లో నీరో సోడియమో తగ్గడం, కొత్త మందు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. వైద్యం చేస్తే చాలామందిలో తగ్గుతుంది. ఆపరేషన్ ఆగగలిగేదైతే, మనిషి తేరుకున్నాక అడగమనండి.

ఆరో అడుగు: నాలుగు ప్రశ్నలు, తిరిగి చెప్పించడం

దీనివల్ల మేలేమిటి, ముప్పేమిటి, వేరే దారులేమిటి, ఏమీ చేయకపోతే ఏమవుతుంది? నాలుగోది అడగడానికి మొహమాటపడతాం. పెద్దవాళ్లకు అన్నిటికన్నా అవసరమైంది అదే. ముప్పు శాతాల్లో చెబితే "100 మందిలో ఎంతమందికి?" అని మార్చి అడగండి. "అరుదు" అన్న మాట ఒక్కొక్కరికి ఒక్కోలా వినిపిస్తుంది.

వైకల్యానికి సంబంధించిన ప్రశ్నలు డాక్టరుకి తట్టకపోవచ్చు, మీరే అడగాలి. మంచి చెయ్యి ఒక్కటే ఉన్న మనిషికి సెలైన్ సూది ఎక్కడ పెడతారు? ఆ మణికట్టుకే పెట్టి కట్టేస్తే ఆవిడ తినలేదు, సైగ చేయలేదు, అంటే మూగదైపోతుంది. వినికిడి యంత్రం ఆపరేషన్ గదిలోకి ఎంతవరకు వెంట వెళ్తుంది, మెలకువ రాగానే ఎవరు తిరిగి పెడతారు? రాత్రి పిలవడానికి గంట మీట నొక్కలేకపోతే ఏం చేయాలి?

అంతా అయ్యాక "అర్థమైందా?" అనొద్దు, ఎవరైనా "ఆఁ" అనే అంటారు. "ఇంటికెళ్లాక చెల్లెలికి ఏం చెబుతావో చెప్పు, నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటాను" అనండి. తప్పు దొర్లితే చెప్పిన తీరు మార్చి మళ్లీ చెప్పాలి. మాట రానివాళ్లయితే బొమ్మలను వరసలో పెట్టమనండి.

ఏడో అడుగు: ఇప్పుడు కాగితం

చికిత్స పేరు, కుడో ఎడమో, చేసేవాళ్ల పేరు ఉన్నాయా చూడండి. మత్తుకీ రక్తం ఎక్కించడానికీ విడి పత్రాలుంటే వాటినీ చదవండి. ఖాళీ ఫారం మీద సంతకం వద్దు. తమకు చదవడం రాని భాషలో ఉంటే చదివి వివరించమనండి. వేలిముద్ర సంతకంతో సమానమే, పక్కన సాక్షి ఉండాలి. ఇదంతా మత్తు మందు ఇవ్వకముందే జరగాలి. స్ట్రెచర్ మీద తోసుకెళ్తూ ముద్ర వేయించుకుంటే "కాసేపు ఆగండి" అనొచ్చు. ఎలా అడిగారో, ఎలా జవాబిచ్చారో ఒక్క వాక్యం కేసు షీట్‌లో రాయమనండి: "బొమ్మలు చూపించి, బొటనవేలి సైగతో సమ్మతి తీసుకున్నాం."

బంధువుల సంతకం గురించి చాలామందికి ఉన్న భ్రమ ఒకటుంది. తెలివిలో ఉండి నిర్ణయించుకోగల పెద్దవాళ్ల బదులు కొడుకో కూతురో పెట్టే సంతకం సమ్మతి కాదు. 2008లో భారత సుప్రీంకోర్టు ముందుకొచ్చిన కేసులో, పరీక్ష కోసం మత్తులో ఉన్న మహిళ తల్లి దగ్గర సమ్మతి తీసుకుని గర్భాశయం తీసేశారు. ప్రాణం మీదకు వచ్చిన పరిస్థితి కాదు, ఆమె తేరుకునే వరకు ఆగి ఆమెనే అడగాల్సింది, తల్లి సమ్మతి చెల్లదని కోర్టు తేల్చింది. ఒక పరీక్షకు ఇచ్చిన సమ్మతి వేరే ఆపరేషన్‌కి సరిపోదని కూడా చెప్పింది. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు కూడా రోగికి ఉంటుంది, గది గుమ్మం దగ్గరైనా.

"వద్దు" అంటే

అందరూ కలిసి నచ్చజెప్పడం మొదలుపెడతారు. అది బుజ్జగింపుగా మొదలై బలవంతంగా మారడానికి ఎంతోసేపు పట్టదు. ముందు కారణం అడగండి. నొప్పా, ఖర్చా, ఇంటికి తిరిగి రానన్న భయమా, పాత అనుభవమా? కారణం తెలిస్తే సగం సార్లు దారి దొరుకుతుంది. దొరక్కపోతే, అర్థం చేసుకునే అన్నారని డాక్టరుకి తేలితే, ఆ "వద్దు" చెల్లుతుంది. మనకు తెలివితక్కువగా అనిపించడం దాన్ని రద్దు చేయదు. తర్వాత మనసు మారితే రావచ్చా అని మాత్రం వాళ్ల ముందే డాక్టరును అడగండి.

నిజంగా చెప్పలేని స్థితి వస్తే

ప్రాణాపాయంలో, అడిగే వీలు లేనప్పుడు, డాక్టర్లు ప్రాణం నిలబెట్టే వైద్యం చేసేస్తారు. అలా కానప్పుడు ఎవరు నిర్ణయించాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది. పెద్దకొడుకు కాబట్టి అధికారం దానంతట అదే వస్తుందని అనుకోవద్దు. ఎక్కడున్నా అడగాల్సిన ప్రశ్న మాత్రం ఒకటే: "తనే చెప్పగలిగితే ఏమనేది?" మనకేం కావాలన్నది కాదు. ఇంట్లో అన్నదమ్ములు రెండుగా చీలినప్పుడు కూడా ఆ ప్రశ్నే పనికొస్తుంది.

దానికి జవాబు తెలియాలంటే ముందే మాట్లాడుకుని ఉండాలి. చావు గురించి ఎత్తితే ఎవరూ మాట్లాడరు. "ఏది చేయలేకపోతే బతుకు నీది కాదనిపిస్తుంది?" అని అడగండి, గంట మాట్లాడతారు. దాన్ని రాసిపెట్టండి. చట్టం ఒప్పుకునే చోట వైద్య విషయాలకు ప్రతినిధిని రాతపూర్వకంగా పెట్టుకోవచ్చు. కోలుకోలేని జబ్బు చివరి దశలో ఏ వైద్యం వద్దో ముందే రాసుకునే పత్రాన్ని భారత సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో పద్ధతిని సులువు చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. అలాగే భారత్‌లో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రులన్నిటిలో అడ్డంకులు లేని ప్రవేశం, చూపించుకోవడంలో ప్రాధాన్యం ఉండాలని చెబుతుంది. వరసలో ముందుకు పంపమని అడగడం బతిమాలుకోవడం కాదు.

ఇంటికొచ్చేటప్పుడు

డిశ్చార్జ్ కాగితంలో ఏ మందు కొత్తది, ఏది ఆగిపోయింది, ఏది మారింది, మూడూ విడివిడిగా రాయించుకోండి. పాత డబ్బాలు ఆ రోజే పక్కకు తీసేయండి. ఏ లక్షణం కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలో పెద్దవాళ్ల ముందే అడగండి. మొదటి అడుగులో రాసిన కాగితాన్ని ఆ రాత్రే సరిదిద్దండి.

మా అట్టముక్కలు ఇప్పుడు ఫైల్లోనే ఉంటున్నాయి. మొదట నాలుగు ఉండేవి, ఐదోది పెద్దమ్మే అడిగి గీయించుకుంది. నా పెదాలు రెండూ వేళ్లతో నొక్కి పట్టుకుని చూపించింది, ఏం గీయాలో. డాక్టరు తనను ఏదైనా అడిగినప్పుడు నేను నోరు తెరిస్తే చాలు, అది పైకి లేస్తుంది.